ఈస్ట్ (ఫంగస్) ఇన్ఫెక్షన్‌కి మందు వాడినా తెల్లబట్ట ఆగట్లేదా? కారణం ఏంటో, ఏం చేయాలో చూడండి

కోర్సు అయిపోయింది, దురద కూడా తగ్గింది, అయినా లోదుస్తుల మీద తెల్లగా ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. సరిగ్గా ఇక్కడే చాలామంది మెడికల్ షాపులో జనం లేని టైమ్ చూసుకుని ఇంకో కోర్సు కొనేస్తారు. కొద్దిగా ఆగండి. తెల్లబట్ట ఎంత అవుతోందన్న దాన్నిబట్టి మందు పనిచేసిందో లేదో చెప్పలేం. చూడాల్సింది దురద, మంట, వాసన. ఈ మూడూ తగ్గే దారిలో ఉంటే రెండో కోర్సు అవసరం దాదాపు ఉండదు.

సమస్య: మాత్ర యోని లోపల పెట్టుకున్న మర్నాటి నుంచి తెల్లటి పొడి, చిన్న ముక్కలు పడుతున్నాయి

అది మందే. లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ (ఫంగస్ మందు) మాత్రలో అసలు మందుతో పాటు లాక్టోజ్, పిండి లాంటివి కలుపుతారు. ఇవేవీ ఒంటికి పట్టవు కాబట్టి కరిగి బయటికి రావాల్సిందే. ఉదయం లేవగానే ప్యాంటీ మీద సుద్దలా పొడిపొడిగా ఉండి, దుర్వాసన లేకపోతే కంగారు పడక్కర్లేదు. ఇన్ఫెక్షన్ తెల్లబట్ట ఇలా ఉండదు. విరిగిన పెరుగులా ముద్దగా ఉంటుంది, దానితో పాటు దురద, మూత్రం తగిలితే చురుక్కుమనడం కూడా ఉంటాయి. క్రీమ్ వాడితే పొడి బదులు నీళ్లలా, జిగురుగా కారుతుంది.

ఏం చేయాలంటే: మాత్ర పడుకునే ముందే, వెల్లకిలా పడుకుని వీలైనంత లోపలికి పెట్టుకోండి. ప్యాంటీ లైనర్ గానీ మామూలు ప్యాడ్ గానీ చాలు, టాంపాన్ (యోని లోపల పెట్టుకునే దూది చుట్ట) మాత్రం వద్దు, మందునంతా అదే పీల్చేస్తుంది. "లోపల మిగిలిపోయిందేమో" అని వేలు పెట్టి కడగొద్దు. చివరి మాత్ర తర్వాత కొన్ని రోజుల్లో అదే ఆగిపోతుంది. 100 మిల్లీగ్రాములవి ఆరు రాత్రులు రాస్తే, మూడో రోజుకే హాయిగా అనిపించినా ఆరూ వాడాలి. ఇంకో విషయం, ఈ మందు వల్ల కండోమ్ రబ్బరు బలహీనపడుతుంది, కోర్సు మధ్యలో దాన్ని నమ్ముకోకండి.

సమస్య: నోటితో వేసుకునే ఒక్క మాత్రే వేసుకున్నాను, రెండు రోజులైనా తగ్గలేదు

ఫంగస్‌కి నోటితో వేసుకునే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములది ఒక్క మాత్రే అయినా కొన్ని రోజుల పాటు ఒంట్లో ఉండి పనిచేస్తుంది. తేడా తెలియడానికి రెండు మూడు రోజులు, పూర్తిగా తగ్గడానికి వారం దాకా పట్టొచ్చు. వారం ఆగండి, సొంతంగా రెండోది మింగకండి. గర్భవతులు, గర్భం వచ్చిందేమో అని అనుమానం ఉన్నవాళ్లు ఈ మాత్ర జోలికే వెళ్లొద్దు, వాళ్లకి లోపల పెట్టుకునే మందే ఇస్తారు, అదీ డాక్టర్ చెప్తేనే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా ముందే చెప్పాలి.

సమస్య: దురద లేదు, మంట లేదు, కానీ అప్పుడప్పుడు అవుతూనే ఉంది

వాసన, రంగు కూడా మారకపోతే ఇది సాధారణంగా జబ్బు కాదు. అండం విడుదలయ్యే రోజుల్లో తెల్లసొనలా సాగుతుంది, పీరియడ్స్‌కి ముందు చిక్కగా, తెల్లగా ఉంటుంది, గుడ్డ మీద ఆరితే లేత పసుపు మరక. ఇన్ఫెక్షన్ వచ్చి పోయాక మన చూపంతా దానిమీదే ఉంటుంది, అందుకే ఇన్నాళ్లూ పట్టించుకోనిది ఇప్పుడు కళ్లబడుతుంది. తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతాయని, ఒంట్లో బలమంతా పోతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు, అందులో నిజం లేదు. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగితే తాగండి, నష్టమేం లేదు, కానీ అది దీనికి మందు కాదు. డెట్టాల్ నీళ్లతో, సువాసన వచ్చే వాష్‌లతో కడగడం మాత్రం ఈ రోజే ఆపేయండి, ఆ మంటనే ఇన్ఫెక్షన్ తిరగబెట్టిందనుకునేవాళ్లు ఎందరో.

సమస్య: ఇప్పుడు వాసన వస్తోంది, రంగు కూడా మారింది

పలచగా, బూడిద రంగులో ఉండి, ముఖ్యంగా కలయిక తర్వాత చేపల వాసన వస్తే బాక్టీరియల్ వెజైనోసిస్ (యోనిలో బాక్టీరియా ఎక్కువై వచ్చే సమస్య) అయ్యుండొచ్చు. ఫంగస్ మందు ఎన్నిసార్లు వాడినా ఇది తగ్గదు, సాధారణంగా మెట్రోనిడజోల్ రాస్తారు. పసుపు పచ్చగా, నురగగా ఉంటే ట్రైకోమోనాస్ (కలయిక ద్వారా అంటుకునే సూక్ష్మజీవి) అనుమానం, అందులో భర్తకీ మందు వేయకపోతే మళ్లీ మీకే వస్తుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు (కలయిక ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్లు చూసేవి) ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ ఇచ్చే ఆకుపచ్చ ప్యాకెట్‌లో సెక్నిడజోల్ (మెట్రోనిడజోల్ లాంటిదే), ఫ్లూకోనజోల్ రెండూ కలిపి ఉంటాయి.

సమస్య: నెల తిరక్కుండానే దురద మళ్లీ మొదలైంది

ముందు షుగర్ టెస్ట్. డయాబెటిస్ ఉండి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వాడుతుంటే, అది మూత్రంలోకి చక్కెర పంపిస్తుంది కాబట్టి ఈస్ట్‌కి పండగే. అలాగని మాత్ర మానేయకండి, డాక్టర్‌తో మాట్లాడండి. జలుబుకీ జ్వరానికీ యాంటీబయాటిక్ మింగే అలవాటు ఇంకో కారణం. దురదకని షాపువాళ్లు చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, రాయగానే హాయి, తర్వాత చర్మం పలచబడి గోల ఇంకా పెరుగుతుంది. ఏడాదిలో మూడుసార్లు వచ్చిందంటే అప్పటికప్పుడు వాడే కోర్సు సరిపోదు, కల్చర్ టెస్ట్ (నమూనాలోని ఈస్ట్‌ని ల్యాబ్‌లో పెంచి ఏ రకమో చూడటం) చేయించాలి, మామూలు మందుకి లొంగని ఈస్ట్ రకాలు కూడా ఉన్నాయి. ఇలాంటివాళ్లకి ఆరు నెలల పాటు వారానికో ఫ్లూకోనజోల్ మాత్ర చొప్పున రాయడం మామూలే.

పొత్తికడుపులో నొప్పి, జ్వరం, పీరియడ్స్ కాని రోజుల్లో రక్తం కనిపించినా, నెలసరి ఆగిపోయిన వయసులో ఇలా మొదలైనా వారం ఆగడం లాంటివి పెట్టుకోకండి, వెంటనే వెళ్లండి. మామూలుగా చూపించుకునేటప్పుడు రెండు మూడు రోజుల ముందు నుంచి లోపల ఏ మందూ పెట్టొద్దు, వాడిన మాత్రల స్ట్రిప్పు తీసుకెళ్లండి, చూసి మందు రాసేయకుండా స్వాబ్ (పరీక్షకి నమూనా) తీయమని అడగండి. ఇంతవరకు కలయిక లేనివాళ్లు ఆ మాట ముందే చెప్తే, లోపలికి పరికరం పెట్టకుండా దూదిపుల్లతోనే స్వాబ్ తీయొచ్చు.