నీళ్లు నిండుగా ఉన్నా పంపు గాలి పీలుస్తోందా? ముందు చెత్త కమ్మీలు చూడండి

లక్షణం

పంపు లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్లు చప్పుడు వస్తుంది. కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. డెలివరీ వైపు, అంటే నీరు బయటికి వెళ్లే వైపు, ప్రెషర్ గేజి ముల్లు వణుకుతుంది, కరెంటు చూపే అమ్మీటరు ముల్లు పడుతూ లేస్తూ ఉంటుంది. ట్యాంకు నిండడానికి రోజూ పట్టే సమయం చాలదు.

ఇది చూడగానే మెకానిక్‌ను పిలిచి పంపు విప్పించడం మామూలైపోయింది. నీటిని తోసే చక్రం, అంటే ఇంపెల్లరు మారుస్తారు, బేరింగులు మారుస్తారు. తిరిగి బిగించాక అదే చప్పుడు. ఈలోగా ఊరికి నీళ్లుండవు. స్పానరు పట్టుకునే ముందు ఇన్‌టేక్ బావి, అంటే జలాశయం నీరు పంపు కోసం వచ్చి చేరే బావి అంచున నిలబడి పది నిమిషాలు నీళ్లను చూడండి. పంపులోకి నీటిని లాగే సక్షన్ పైపు దగ్గర సుడి తిరుగుతూ మధ్యలో గుంట పడుతుంటే పంపు నీటితో పాటు గాలిని కూడా లాగుతోందన్న మాట. నీటిలో గాలి పరిమాణం 3 శాతానికి చేరేసరికే సెంట్రిఫ్యూగల్ పంపు పనితనం దెబ్బతింటుంది.

నీటిమట్టం చాలకపోతే

తిరుపతి దగ్గరి కల్యాణి డ్యాం అయినా, పిచ్చాటూరు దగ్గరి అరణియార్ అయినా, ఊరి చెరువైనా ఎండాకాలంలో మట్టం పడిపోవడం మనకు తెలిసిందే. అప్పుడు సుడి పడితే ఆశ్చర్యం లేదు. సక్షన్ నోటికి పైన ఎంత నీరుండాలో లెక్క కట్టవచ్చు. 9.81ని మీటర్లలో నోటి వ్యాసంతో గుణించి వర్గమూలం తీయండి. నోటి దగ్గర నీటి వేగాన్ని (సెకనుకు మీటర్లలో) దానితో భాగించండి. వచ్చిన దాన్ని 2.3తో గుణించి 1 కలపండి. దాన్ని వ్యాసంతో గుణిస్తే కావలసిన లోతు మీటర్లలో వస్తుంది.

సెకనుకు 40 లీటర్లు లాగే 150 మిల్లీమీటర్ల పైపును బెల్‌మౌత్ (గంటలా వెడల్పైన నోరు) లేకుండా వదిలేస్తే దాదాపు 79 సెంటీమీటర్ల నీరు పైన ఉండాలి. అదే పైపుకు 250 మిల్లీమీటర్ల బెల్‌మౌత్ బిగిస్తే 55 సెంటీమీటర్లు చాలు. మట్టం అంతకంటే తగ్గితే డెలివరీ వాల్వు కొంత మూసి ప్రవాహం తగ్గించండి, లేదా సక్షన్‌ను కిందికి దించండి. అంతకు మించి ఇందులో వెతకాల్సిందేమీ లేదు.

మట్టం నిండుగా ఉన్నా సుడి పడితే

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, నవంబరు, డిసెంబరుల్లో జలాశయం నిండుకుండలా ఉంటుంది. సక్షన్ మీద రెండు మీటర్ల నీరున్నా సుడి తిరుగుతుంది, పంపు గాలి పీలుస్తుంది. నీళ్లకు కొదవ లేదు కాబట్టి తప్పు పంపులోనే ఉందని తేల్చేస్తారు.

పైన చెప్పిన లెక్క నీరు నోటి వైపు తిన్నగా వస్తేనే పనికొస్తుంది. నీరు ఒక పక్క నుంచే దూసుకొస్తే బావిలో గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఆ తిరుగుడు సక్షన్ నోటి దగ్గరికి చేరేకొద్దీ వేగం పెరిగి సుడి అవుతుంది. అలాంటప్పుడు లోతు రెట్టింపు ఉన్నా సరిపోకపోవచ్చు.

ఒక పక్క నుంచే ఎందుకొస్తుంది? చాలా చోట్ల కారణం చెత్త కమ్మీలే, అంటే చెత్త లోపలికి రాకుండా బావి ముందు బిగించే ఇనుప కమ్మీలే. వరద నీటితో వచ్చిన గుర్రపుడెక్క, కొమ్మలు, ప్లాస్టిక్ సంచులు గాలివాటున ఒక మూలకు చేరి అక్కడి కమ్మీలకు అతుక్కుంటాయి. పైకి కనిపించేంత మేర ఎవరో ఒకరు శుభ్రం చేస్తారు. నీటి కింద అడుగు దాకా గుర్రపుడెక్క వేళ్లు, సంచులు, ఒండ్రు కలిసి గోడలా బిగుసుకుని ఉంటాయి. గట్టు మీద నుంచి చూస్తే కమ్మీలు శుభ్రంగానే కనిపిస్తాయి. మోసపోయేది అక్కడే.

పట్టుకోవడం కష్టం కాదు. పంపు నడుస్తుండగా కమ్మీల లోపలి వైపు, బావి వెడల్పంతటా రెండు గుప్పిళ్ల వరి ఊక చల్లండి. అంతా సమంగా ముందుకు కదిలితే కమ్మీల తప్పు లేదు. ఊక ఒక గోడ వెంట పరుగెత్తి, వెనక గోడకు తగిలి, రెండో పక్కగా వెనక్కి తిరిగి వస్తుంటే రోగం దొరికినట్లే. ఊక వెనక్కి తిరిగి వచ్చే, లేదా నిలిచిపోయే పక్కనే కమ్మీలు మూసుకుపోయి ఉంటాయి. తర్వాత కమ్మీలకు బయట, లోపల నీటిమట్టం కొలవండి. లోపల జానెడు తక్కువుంటే అడ్డు గట్టిగానే పడింది.

శుభ్రం చేసేటప్పుడు పంపు ఆపి, ఫ్యూజులు తీసి, తాళం మీ దగ్గరే ఉంచుకోండి. నడుస్తున్న పంపు ముందు నీటిలోకి మనిషిని దించకండి. ఆ లాగుడుకు కమ్మీలకు అతుక్కుపోయిన మనిషిని వెనక్కి లాగడం ఎవరి వల్లా కాదు. అడుగుకు అందేంత పొడవు పిడి ఉన్న పళ్ల దంతె తీసుకుని కింది నుంచి పైకి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా లాగండి. తీసిన చెత్తను గట్టు మీదే కుప్ప వేస్తే తర్వాతి వానకు మళ్లీ అక్కడికే చేరుతుంది. దూరంగా తీసుకెళ్లి పారేయండి.

కమ్మీలు పూర్తిగా శుభ్రమయ్యాక కూడా ఊక తిరుగుతుంటే బావిలో ఒక పక్క ఒండ్రు దిబ్బ ఉందేమో గడకర్రతో చూడండి. కొత్తగా వేసిన ఇన్‌లెట్ పైపు పక్క నుంచి నీటిని సక్షన్ మీదికే చిమ్ముతోందేమో గమనించండి. ఒండ్రు తీయించాలి, పైపు వంపు మార్చాలి. మార్చే వీలు లేకపోతే నీటిని తిన్నగా నడిపే నిలువు పలకలు కట్టించడమే శాశ్వత పరిష్కారం.

ఆ పనికి డబ్బు మంజూరయ్యేదాకా నాలుగు చెక్కలు కలిపి కట్టి సుడి మీద తేలేటట్లు వదిలి, రెండు వైపులా తాళ్లతో బిగించండి. ఇది పరీక్షగానూ పనికొస్తుంది. చెక్కలు వేయగానే చప్పుడు ఆగితే గాలి నీటి పైభాగం నుంచే వస్తోంది.

మిగతావి

చెక్కలు వేసినా చప్పుడు ఆగకపోతే సక్షన్ వైపు ఫ్లాంజి కీళ్లు (పైపులను బోల్టులతో కలిపే చోట్లు), గ్లాండు (షాఫ్టు చుట్టూ బిగించే సీలు) చూడండి. అక్కడ గాలి పీలిస్తే మట్టంతో, సుడితో సంబంధం లేకుండా చప్పుడు ఒకే తీరున ఉంటుంది. కీలు మీద సబ్బు నురగ రాస్తే లోపలికి పీల్చేసుకుంటుంది. బావి అడుగు నుంచి, గోడ నుంచి పుట్టే సుడులు పైకి కనిపించవు. సక్షన్ నోరు అడుగుకు మరీ దగ్గరగా ఉన్నచోట వాటిని అనుమానించాలి. నోటి వ్యాసంలో మూడో వంతు నుంచి సగం దాకా ఖాళీ ఉంటే చాలు. సుడి ఎటు తిరిగేదీ భూభ్రమణం తేలుస్తుందన్న మాట ఇంత చిన్న బావికి వర్తించదు. నీరు ఏ పక్క నుంచి వేగంగా వస్తోందో దాన్ని బట్టే సుడి తిరుగుతుంది.

అన్నీ సరిచేశాక పంపు నిలకడగా నడుస్తున్నప్పుడు ఆంపియర్లు, గేజి అంకె, కమ్మీలకు ఇరువైపులా నీటిమట్టం ప్యానెల్ తలుపు లోపల తేదీ వేసి రాయండి. మళ్లీ చప్పుడు వచ్చిన రోజు మొదట వాటితో పోల్చండి.