గోడౌన్ రేకులు: కోటింగ్ చాలా, మార్చాలా?

గుంటూరులో మాది మిర్చి గోడౌన్. రేకుల సంగతి తేల్చాలంటే ముందు లోపలే చూస్తాను. మిట్టమధ్యాహ్నం షట్టర్లు దించి, లైట్లు ఆర్పితే చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. అవి బోల్టుల దగ్గరే ఉంటే అదృష్టం: ఎండకు పగిలిన రబ్బరు వాషర్లు మార్చి కోటింగ్ వేయిస్తే చాలు.

తర్వాత పైకి. రేకులను కింద నుంచి మోసే అడ్డ కమ్మీల, అంటే పర్లిన్ల వరసలోనే అడుగు వేయండి, ఉత్త రేకు మీద వద్దు. రేకు మీద రేకు ఎక్కిన చోట తడి నిలిచి, తుప్పు కనపడకుండా తినేస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. పొడి రాలి, కింద గట్టి రేకు తగిలితే గీకి, ప్రైమర్ కొట్టి, కోటింగ్ వేయొచ్చు. మొన దిగిపోతే ఆ రేకు మార్చాల్సిందే. పోయినేడు అలాంటి రేకుకే పెయింట్ వేయించాను. మొదటి వానకే ముప్ఫై టిక్కీలు (మిర్చి బస్తాలు) తడిశాయి, ఇప్పటికీ బాధే.

పర్లిన్లే పొరలుగా ఊడుతుంటే కోటింగ్ మాటే వద్దు.