పాత జర్మన్ కారు కొనాలంటే: బెంగళూరులో ఏం చూడాలి, ఏ వార్త పట్టించుకోవాలి

కొత్త క్రెటా టాప్ మోడల్‌కి పెట్టే డబ్బుతో బెంగళూరులో ఏడెనిమిదేళ్ల బీఎండబ్ల్యూ త్రీ సిరీసో, బెంజ్ సీ క్లాసో ఇంటికొస్తుంది. కొనడం పెద్ద పనేం కాదు. మూడో ఏడు కూడా తిట్టుకోకుండా నడపడమే అసలు పని. మాది మదనపల్లె. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ టూల్ రూమ్‌లో పనిచేస్తాను, ఇల్లు కేఆర్ పురంలో. నాకు 2016 మోడల్ 320డి ఉంది. బంధువులు, మా వీధిలో ఆంధ్రావాళ్లు ఇలాంటి బండి చూడ్డానికి వెళ్తే నన్నూ వెంటబెట్టుకుపోతారు. వాళ్లకి నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అందరూ అడిగే ప్రశ్న: యూరప్ కార్ల మీద సుంకం తగ్గుతోందంట కదా, ఇప్పుడు కొనాలా, ఆగాలా? 2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2026 జనవరి 27న యూరోపియన్ యూనియన్‌తో చర్చలు ముగిశాయని ప్రకటించారు. రెండింట్లోనూ కార్ల సుంకం 110 శాతం దాకా ఉన్నదల్లా మెల్లమెల్లగా 10 శాతానికి దిగుతుంది. కానీ ఏడాదికి ఇన్ని బళ్లు అని కోటా ఉంది. యూరప్‌కి అది రెండున్నర లక్షలు.

ఆ 110 శాతం పడేది పూర్తిగా తయారై ఓడ దిగే కార్ల మీద. వాటిని సీబీయూ అంటారు. మన రోడ్ల మీద తిరిగే త్రీ సిరీస్, ఫైవ్ సిరీస్ ఎక్కువగా చెన్నై పక్కన మహీంద్రా వరల్డ్ సిటీ ప్లాంటులో బిగించినవే. ఆ ప్లాంటు 2007లో మొదలైంది. బెంజ్‌లు పుణె దగ్గర చాకన్‌లో, ఆడీలు ఔరంగాబాద్‌లో (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) బిగిస్తారు. వోల్వో అయితే మన హోస్కోటెలోనే. ఇవి విడిభాగాల కిట్‌గా దిగుతాయి. ఇంజను, గేర్‌బాక్సు బిగించకుండా వస్తే సుంకం 15 శాతమే. కాబట్టి సీబీయూ సుంకం ఎంత దిగినా వీటి ధర కుప్పకూలదు. దెబ్బ తగిలేది నిన్నటిదాకా పూర్తి సుంకం కట్టి వచ్చిన బళ్ల రీసేల్‌కి.

మా బావమరిదికి పాత రేంజ్ రోవర్ అంటే పిచ్చి. వాడికి నేను చెప్పింది ఒకటే: 2024లో రేంజ్ రోవర్‌ని పుణెలో బిగించడం మొదలుపెట్టగానే కొత్త బండి ధర కొన్ని వేరియంట్లలో యాభై లక్షల పైన తగ్గింది. అంతకు ముందు కొన్నవాడి బండి విలువ ఒక్క ప్రకటనతో పోయింది. సుంకం తగ్గినా జరిగేది అదే. సీబీయూ మీద అంత మోజుంటే కొనుక్కోండి, కానీ మూడేళ్ల తర్వాత ఎంతకి పోతుందన్న లెక్క మానుకుని, వాడుకోవడానికే కొనండి. నా ఓటు ఎప్పుడూ ఇక్కడ బిగించిన, ఎక్కువ అమ్ముడుపోయిన మోడల్‌కే.

విదేశం నుంచి పాత బండే తెప్పించుకుందామనేవాళ్లు కొందరుంటారు. 2025 బడ్జెట్‌లో పాత కార్ల సుంకం 125 నుంచి 70కి తగ్గిందని హెడ్డింగ్ చూసి సంబరపడొద్దు. పక్కనే 67.5 శాతం సెస్సు పెట్టారు, మొత్తం మునుపటిలాగే 137.5. దానిపైన జీఎస్టీ వేరే. బండికి మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపుండాలి, ముంబై రేవులోనే దించాలి. చవక బండి కోసం వెతికేవాళ్లకి ఈ దారి దండగ.

పాత ధరల్ని నిజంగా కదిలించింది 2025 సెప్టెంబర్ 22న వచ్చిన జీఎస్టీ మార్పు. అంతకుముందు పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, దానిపైన 22 దాకా సెస్సు ఉండేవి. ఇప్పుడు మొత్తం కలిపి 40. అమ్మేవాడు తను కొన్నప్పటి బిల్లు చూపించి ధర చెబితే, అదే మోడల్ ఈరోజు కొత్తది ఎంతో అడిగి అక్కడినుంచి బేరం మొదలుపెట్టండి. విడిభాగాల జీఎస్టీ కూడా 28 నుంచి 18కి దిగింది, అది మనకి మేలే. కాకపోతే యూరో వంద రూపాయలు దాటి కూర్చుంది కాబట్టి ఆ మేలులో కొంత అక్కడే హరించుకుపోతుంది. ఇంకో మాట, సాధారణంగా పాత కార్ల డీలర్ 18 శాతం జీఎస్టీ కట్టేది తన లాభం మీదే. మొత్తం ధర మీద 18 శాతం అడిగాడంటే లేచి వచ్చేయండి.

ఇక కాగితాలు. ఇక్కడే టెన్షన్ అంతా. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండిని తిరగనివ్వరన్న భయంతో అక్కడి బళ్లు చవగ్గా ఇటు వస్తాయి. చవక అనిపిస్తుంది, లైఫ్ టాక్స్ లెక్కేసేదాకా. కర్ణాటకలో ఇరవై లక్షలు దాటిన కారుకి 18 శాతం, మీద సెస్సు. బయటి రాష్ట్రం బండికి ఆ లెక్క మీరు కొన్న ధర మీద కాదు, బండి కొత్తప్పటి ధర మీద, వయసును బట్టి తగ్గించి కడతారు. యాభై లక్షల బండి పదిహేనుకి దొరికిందని మురిసిపోయినవాళ్లు ఆర్టీఓ ఆఫీసు దగ్గర నీళ్లు నమలడం చూశాను. ఫారం 28తో ఎన్‌ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం), 27తో కొత్త నంబరు, పేరు మార్పిడికి 29, 30, లోన్ ఉండి తీరిపోతే 35. ఎన్‌ఓసీ చేతికి రాకుండా మొత్తం డబ్బు ఇవ్వొద్దు. కేఏ నంబరు బండికి ఇంత బాధ లేదు. కానీ ట్రాఫిక్ చలాన్లు చూడండి, బెంగళూరు బండికి పాత జరిమానాలు దండిగా ఉంటాయి.

మరీ ఖరీదైన ఎస్‌యూవీ మరీ చవగ్గా వస్తోందంటే దాని పుట్టుక అడగండి. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో దాడులు చేశారు. భూటాన్ నుంచి దొడ్డిదారిన వచ్చి, దొంగ కాగితాలతో మన రాష్ట్రాల్లో రిజిస్టరయ్యాయన్న అనుమానంతో బళ్లని పట్టుకుపోయారు. దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌లో దిగుమతి నమోదైన కాగితం, చూపించమనండి. లేదంటే బేరం వద్దు.

బండి దగ్గరికి వద్దాం. పొద్దున్నే వెళ్లండి, ఇంజను చల్లగా ఉండాలి. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టాడంటే ఏదో దాస్తున్నాడు. 2012, 13 నాటి 320డిలో ఎన్47 ఇంజను ఉంటుంది. దాని టైమింగ్ చైన్ ఇంజను వెనకవైపు ఉంటుంది, మార్చాలంటే ఇంజనో, గేర్‌బాక్సో దించాల్సిందే. వెనకనుంచి గరగరమంటే వదిలేయండి. తర్వాత వచ్చిన బీ47 నయం. ఆ కాలం ఆడీ ఏ4లో మల్టీట్రానిక్ అనే సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) ఉంటుంది, నేనైతే దాని జోలికి పోను. బీఎండబ్ల్యూలో జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల బాక్సు మంచిది. గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని షోరూమ్‌లో చెబుతారు. తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయేమో 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. బిల్లుల్లో ఆ ఆయిల్ మార్పు కనిపిస్తే ఆ ఓనర్‌ని నమ్మొచ్చు.

మీటర్ తిప్పడం మామూలే. స్కానర్ పెట్టించి ఇంజను, గేర్‌బాక్సు, ఇతర కంట్రోల్ యూనిట్లలో నమోదైన కిలోమీటర్లు మీటర్‌తో సరిపోతున్నాయో లేదో చూపించమనండి. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్న బండి రాత్రంతా ఆపి ఉంచాక తెల్లారి ఒక పక్క కుంగిందేమో చూడండి. ముందు సీటు బెల్టు చివరిదాకా లాగండి. మడత లోపల మట్టి గీత కనిపిస్తే అది నీళ్లలో మునిగిన బండి. 2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు వైపు, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకి చెన్నైలో ఎన్ని ఖరీదైన కార్లు మునిగాయో తెలిసిందే. అవన్నీ ఎక్కడికీ పోలేదు.

డీజిలా, పెట్రోలా? రోజూ సిల్క్ బోర్డ్ వైపు పాక్కుంటూ పోయేవాళ్లకి డీజిల్ వద్దంటాను. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండిలో మసి పేరుకుంటుంది, అది కాలాలంటే బండి వేగంగా కాసేపు పరిగెత్తాలి. నేను నెలకోసారి ఊరికి పోతాను, హోస్కోటె దాటగానే ఆ పని దానంతటదే అయిపోతుంది. పెట్రోల్‌లో బాధ వేరు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పాత బళ్లు దానికోసం తయారైనవి కావు. ఇంధన పైపులు, సీళ్లు చూపించుకుంటూ ఉండాలి.

కొన్న ధరలో ఐదో వంతు మొదటి ఏడాది ఖర్చుకి పక్కన పెట్టలేకపోతే, అంతకంటే చిన్న బండి చూసుకోండి. ఎల్‌ఈడీ హెడ్‌లైట్ ఒక్కటే లక్ష దాటుతుంది. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) ఒక్కోటి పదిహేను వేల పైమాట, డిక్కీలో స్టెప్నీ ఉండదు. సర్వీస్ బయటే చేయించండి, జర్మన్ బళ్లు మాత్రమే చూసే గ్యారేజీలు ఊరినిండా ఉన్నాయి. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు జేసీ రోడ్‌లో అడిగితే షోరూమ్ కంటే బాగా తక్కువకి వస్తాయి. అవే మాన్, బాష్ లాంటి విడిభాగాల కంపెనీల పెట్టెలు, కారు కంపెనీ ముద్ర ఒక్కటే ఉండదు. సెన్సార్లు, ఎలక్ట్రానిక్స్ దగ్గర మాత్రం పొదుపు చూడొద్దు.

బ్యాటరీ వీధి చివరి షాపులో మార్పించుకోవద్దు. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీని కంప్యూటర్‌లో నమోదు చేయాలి, లేదంటే పాతదానికి చార్జింగ్ ఇచ్చినట్టే ఇచ్చి దాన్నీ తొందరగా చంపేస్తుంది. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ (నీళ్లు పోయి ఇంజను పాడైతే పనికొచ్చేది) తప్పకుండా తీసుకోండి. వానలో అండర్‌పాస్ కింద బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, తోసుకుని బయటికి తెచ్చి టోయింగ్ వాడిని పిలవండి.