ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఆలుమగలు నడవాలంటే

మా నాన్న కాలవ మీద లస్కరు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా చూసుకోవడం ఆయన ఉద్యోగం. అందుకని గట్టు మీద నడక నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. మా బావకి, అంటే మా ఆయనకి, పెళ్ళయ్యాకే అబ్బింది. ఇప్పుడు చలికాలం వస్తే చాలు, ఇద్దరం సంచీలు తగిలించుకుని ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరి, గోదావరి వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేది దాకా నడుస్తాం. దారి వంద కిలోమీటర్లకి అటూ ఇటూ.

మేమూ వెళ్తామని వచ్చే జంటలు అడిగేది ఎప్పుడూ కాళ్ళ నెప్పుల గురించే. కాళ్ళు రెండు మూడు రోజుల్లో వాటంతటవే దారికొస్తాయి. మధ్యలోనే రావులపాలెంలో బస్సెక్కేసినవాళ్ళని అడిగి చూడండి, ఒక్కళ్ళూ కాళ్ళ మాట ఎత్తరు. నీళ్ళ సీసా ఎవరు మోయాలి, ఎక్కడ ఆగాలి, ఎవరికోసం ఎవరు ఆగాలి, అక్కడే తగువు. అందుకని దారి సంగతి తర్వాత చెప్తాను, ముందు రోజు నడిపే సంగతి.

ఎప్పుడు బయల్దేరాలి

కార్తీకం వెళ్ళాక, అంటే నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి సగం దాకా. అంతకుముందు తుపాన్ల భయం, ఆ తర్వాత ఉక్కపోత. వానాకాలంలో ఈ ఊసే వద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఎగరేస్తారు. మూడోదంటే 17 లక్షల క్యూసెక్కులు కిందికి పోతున్నాయని అర్థం. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్ళు ఈ దారిలో ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, గట్టు ఎక్కడ తెగిందో చెయ్యి పెట్టి చూపిస్తారు.

సంక్రాంతి నాలుగు రోజులూ మానుకోండి. కోనసీమ అంతా చుట్టాలూ కార్లూ, లాడ్జిలో గది దొరకదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని ఉంటే దానికి వేరేగా రండి. భీష్మ ఏకాదశికి ముందు రాత్రి అంతర్వేదిలో నరసింహస్వామివారి కల్యాణం, ఏకాదశి నాడు రథోత్సవం. జనంలో పడి చూడాలనుకుంటే సరే, నడిచొచ్చి కాళ్ళు చాపుకోవాలనుకుంటే ఆ వారం కుదరదు.

డిసెంబరులో ఇంకో సంగతి. సార్వా కోతలు అయ్యి గట్టు రోడ్డు మీద ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది. తోవ ఎంత ఇరుకైనా దాని మీద కాలు పెట్టకండి, పక్కకి దిగి నడవండి. ఆ రాత్రికి ఆ ఊళ్ళోనే అరుగు అడగాలి కదా.

సంచీ

ఇద్దరికీ కలిపి ఒక దోమతెర, ఒక పట్టా. చెరో దుప్పటి, చెరో టార్చిలైటు, చెరో కర్ర. రెండు జతల బట్టలు చాలు. కాలవ రేవులో ఉతికి, సంచీకి పిన్నీసులతో తగిలిస్తే నడుస్తుండగానే ఆరిపోతాయి. పొయ్యీ గిన్నెలూ వద్దు. అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు, నాలుగు నిమ్మకాయలు, ఉప్పు పొట్లం ఉంటే టీ కొట్టు తగిలేదాకా గడిచిపోతుంది. తేగల కాలం కాబట్టి దారిలో కాల్చినవి అమ్ముతారు. ఒకటి నమిలితే గంటసేపు ఆకలి తెలీదు.

బరువంతా మగవాడి సంచీలో, మందులూ డబ్బులూ ఆడదాని సంచీలో పెట్టడం అందరూ చేసేదే. నేను ఒప్పుకోను. నడకలో ఇద్దరూ విడిపోతారు, విడిపోవాలి కూడా. అప్పుడు ఒకరి దగ్గర నీళ్ళుండవు, ఇంకొకరి దగ్గర చిల్లరుండదు. ఎవరి నీళ్ళు, ఎవరి తినుబండారం, ఎవరి కాసిని డబ్బులు వాళ్ళ దగ్గరే. దోమతెర మాత్రం రోజు మార్చి రోజు మోయండి.

కాళ్ళకి కొత్త బూట్లు వద్దు. అరిగి పాదానికి అలవాటైన, వెనక పట్టీ ఉన్న చెప్పులు మేలు. పొద్దున్న మంచుకి తడిసిన గడ్డిలోనూ, ఒండ్రు బురదలోనూ బూటు ఒకసారి నానిందంటే సాయంత్రం దాకా ఆరదు. నూలు మేజోళ్ళు మధ్యాహ్నం మార్చాలి. పొక్కు లేస్తే చిదమకండి, ప్లాస్టరు వేసి వదిలేయండి. రాత్రి పడుకునేముందు పాదాలకి కొబ్బరినూనె రాసుకోండి.

రోజు ఎలా గడవాలి

చీకటితోనే లేవాలి. ధనుర్మాసంలో అయితే గుడి మైకే లేపేస్తుంది. కళ్ళకి దారి కనబడగానే బయల్దేరి, ఎనిమిదింటికి టిఫిను, పదిన్నరకి ఆపెయ్యడం. మళ్ళీ మూడింటికి లేచి అయిదు దాటకుండా ఊరు చేరుకోవాలి. డిసెంబరులో అయిదున్నరకే పొద్దు గూకుతుంది. ఇలా నడిస్తే రోజుకి పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు సాగుతాయి, వారంలో సముద్రం కనబడుతుంది. రోజుకి పాతిక కొడతామనే కుర్రజంటలు ఉంటారు. కొట్టండి, నాకేం.

నెమ్మదిగా నడిచేవాళ్ళే ముందు నడవాలి. మా బావవి పొడుగు కాళ్ళు. తను ముందుంటే నేను వెనక పరిగెత్తాలి, నేను ముందుంటే తను నా అడుగుకి తగ్గించుకుంటాడు, లేకపోతే ఆగి కొంగల్ని చూసుకుంటాడు. పక్కపక్కనే నడవాలన్న పట్టుదల వద్దు. ఎంత ఎడమున్నా పర్వాలేదు గానీ ప్రతి లాకు దగ్గరా, ప్రతి రేవు దగ్గరా, తోవ చీలిన ప్రతిచోటా ముందువాళ్ళు ఆగి తీరాలి. వెనకవాళ్ళు వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగాకే లేవాలి. వాళ్ళు రాగానే పదమని లేచిపోతే వాళ్ళకి విశ్రాంతెక్కడ?

తగువు వేళలు కూడా చెప్తాను, అవి ఎవరికైనా ఒకటే. టిఫినుకి ముందు ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. మొదటిది ఆకలి, రెండోది అలుపు. అందుకే రాత్రి ఎక్కడ ఆగాలన్నది మధ్యాహ్నం చెట్టు కింద పడుకున్నప్పుడే తేల్చేసుకోవాలి. నాలుగు దాటాక ఇంకో ఊరు పోదామని ఎవరూ అనకూడదు. మా ఇద్దరికీ ఇదొక్కటే గట్టి షరతు.

పనులు పంచుకోండి. నీళ్ళు నింపడం, దారి అడగడం, దోమతెర కట్టడం మా బావ పని. లెక్కలు, మందులు, రాత్రి బస అడగడం నాది. ఒక ఫోను వాడి రెండోది ఆపేసి ఉంచుతాం. ఆడవాళ్ళు మొహమాటపడి నీళ్ళు తాగడం తగ్గించేస్తారు, అది తప్పు. ఊరు దాటేముందే పెట్రోలు బంకులోనో, ఎవరింట్లోనో అడిగి వెళ్ళిరండి. ఇల్లాలిని అడిగితే కాదనరు.

రాత్రి బస

రావులపాలెం, రాజోలుల్లో లాడ్జిలున్నాయి, దిండిలో టూరిజం వాళ్ళ రిసార్టుంది, అంతర్వేదిలో సత్రాలున్నాయి. మధ్యలో ఊళ్ళే దిక్కు. ఆలుమగలుగా నడవడంలో లాభం ఇక్కడే తెలుస్తుంది. ఒంటరి మగవాణ్ణి ఎవరు నువ్వని అడుగుతారు, భార్యాభర్తల్ని కాఫీ తాగుతారా అని అడుగుతారు.

ఊళ్ళోకి వెలుతురుండగా వెళ్ళండి. మగవాళ్ళ గుంపు దగ్గర కాకుండా, వాకిట్లో ముగ్గేసుకునే ఆవిడనో, కుళాయి దగ్గర ఉన్నవాళ్ళనో భార్య వెళ్ళి అడగాలి. నేను ఇలా అడుగుతాను: “అమ్మా, ధవళేశ్వరం నుంచి నడిచొస్తున్నామండి, అంతర్వేది వెళ్తున్నాం. ఈ రాత్రికి రామాలయం అరుగు మీద పడుకోవచ్చాండీ?” ఎవరింట్లోనూ చోటు అడగను. అరుగు అడిగితే వాళ్ళే, “అయ్యో, అరుగు మీదేంటండీ, దోమలు పీకేస్తాయి, వసారాలో పడుకోండి” అంటారు. అనకపోతే అరుగు ఎలాగూ ఉంది.

“మొక్కాండీ?” అన్నది తప్పకుండా వచ్చే ప్రశ్న. మా బావకి మొక్కులూ గిక్కులూ లేవు, “ఊరికే నడుస్తున్నామండి” అంటాడు. ఊరికే నడిచే మనిషిని గోదావరి జిల్లాలో ఎవరూ నమ్మరు. నేను అందుకుని “స్వామి దర్శనానికండి” అంటాను. దర్శనం చేసుకుంటాం కదా, అబద్ధమేం కాదు. తర్వాత ఏ ఊరు, ఇంటిపేరేంటి, పిల్లలెంతమంది, ఏం చేస్తున్నారు అన్నీ అడుగుతారు. విసుక్కోకండి, ఆ వసారాకి అదే అద్దె. భోజనం పెడితే డబ్బులివ్వబోకండి, చిన్నబుచ్చుకుంటారు. ఇంట్లో పిల్లలుంటే పళ్ళో బిస్కెట్లో చేతిలో పెట్టండి.

లంకల్లో, ఇసుక తిన్నెల మీద రాత్రి పడుకోవద్దు. చూడ్డానికి బాగుంటుంది గానీ ఇసుక ర్యాంపుల ట్రాక్టర్లు ఎప్పుడొస్తాయో తెలీదు, దిగువన అయితే పోటు నీళ్ళొస్తాయి.

దారి

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, నడక మొదలెట్టే ముందు రోజు సాయంత్రం చూడండి. 1852 నాటికి కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్టకి బదులుగా కట్టిందే ఇప్పటి బ్యారేజీ. తెల్లవారుజామున మంచులో ఈ వంతెన దాటకండి, లారీలకి మీరు కనబడరు. పిచ్చుకలంక మీదుగా బొబ్బర్లంక చేరితే కోనసీమలో అడుగు పెట్టినట్టే. అక్కణ్ణుంచి కాలవ పక్కనే లొల్ల లాకులు. మధ్య డెల్టాకి వెళ్ళే నీళ్ళు ఇక్కడే కాలవలుగా చీలుతాయి. చెట్ల నీడ బాగుంటుంది, మొదటి మధ్యాహ్నం ఇక్కడే గడపండి. ఆత్రేయపురంలో పూతరేకులు అక్కడే కూర్చుని తినేయండి, సంచీలో పెడితే సాయంత్రానికి పొడి మిగులుతుంది. వాడపల్లి వెంకన్న దగ్గరికి శనివారాలు వేలమంది వస్తారు, ఆ రోజు ఆ చుట్టుపక్కల రోడ్డు మీద నడవలేరు.

రావులపాలెంలో అరటి మార్కెట్టు చూసి, హైవే వెంట గోపాలపురం దాకా ముక్కు మూసుకుని నడిచి, వసిష్ఠ గట్టు ఎక్కేయండి. అక్కణ్ణుంచి పి.గన్నవరం దాకా ఒక పక్క ఏరు, ఇంకో పక్క కొబ్బరితోటలు. ఈ ముక్కకోసమే నేను మళ్ళీ మళ్ళీ వస్తాను. గన్నవరం ఆక్విడక్టు దగ్గర కింద వైనతేయ పాయ పారుతుంటుంది, దాని పైన కాలవ పారుతుంటుంది. మా బావని అక్కణ్ణుంచి కదిలించడానికి గంట పడుతుంది, ఆ గంట ముందే లెక్కలో వేసుకుంటాను. పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, తినాలనుకుంటే ఆటోలో అంబాజీపేట వెళ్ళిరండి.

రాజోలు దాటాక దారి మారిపోతుంది. చేపల చెరువులూ రొయ్యల చెరువులూ, ఏరియేటర్ల మోత, కంచెలు, కాపలా కుక్కలు. చెరువు గట్ల మీద అడ్డతోవలు పట్టకుండా రోడ్డు మీదే నడవండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఎక్కడ మంచినీళ్ళ ప్లాంటు కనబడితే అక్కడ సీసాలు నింపుకోండి.

పాములు, నీళ్ళు

గట్టు నిండా ఎలకల కన్నాలే. ఎలకలున్నచోట తాచూ, పొడపామూ ఉంటాయి. చీకట్లో టార్చి లేకుండా అడుగెయ్యద్దు, కర్ర నేలకి తాటిస్తూ నడవండి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం ఏమీ వద్దు. మనిషిని కదలకుండా కూర్చోబెట్టి 108కి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. స్నానం ఊరివాళ్ళు చేసే రేవులోనే, మెట్ల మీదే. లాకు తలుపుల దగ్గర నీళ్ళలోకి అసలు దిగద్దు. పైకి నిలకడగా ఉంటాయి, కింద లాగేస్తాయి. లస్కరు కూతురిగా ఈ ఒక్క మాటా గట్టిగా చెప్తున్నాను.

తిరుగు ప్రయాణం

దర్శనం అయ్యాక, సముద్రం ఒడ్డున అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళి రండి. వెనక్కి ఆటోలోనో బస్సులోనో సఖినేటిపల్లి రేవుకి వచ్చి, పంటు మీద వసిష్ఠ దాటితే నరసాపురం. రైలు అక్కడే ఎక్కచ్చు. పంటు మీద మోటారు సైకిళ్ళూ కార్లూ ఎక్కి నిండితే గానీ కదలదు, మంచు పట్టినా గాలి పట్టినా ఆపేస్తారు. కాబట్టి పొద్దున్న రైలుకి టిక్కెట్టు తీసుకోకండి, సాయంత్రం రైలు పెట్టుకోండి. పంటుకి చిల్లర ఉంచుకోండి.