ఆస్తి పన్ను కట్టలేని స్థితిలో కూలి కుటుంబం ఏం చేయాలి: నెల్లూరు, ఒంగోలు పట్టణాల వారి కోసం

నెల్లూరులోనో, కావలిలోనో, ఒంగోలులోనో రోజు కూలితో గడిచే కుటుంబానికి సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన చేతిలో డబ్బు ఉన్నట్టు కాదు. తండ్రి నాడు కట్టిన రెండు గదుల ఇంటి స్థలం విలువ రిజిస్ట్రేషన్ లెక్కల్లో పెరుగుతూ పోతుంది గానీ, ఆ ఇంట్లో ఉండేవారి కూలి ఆ వేగంతో పెరగదు. 2021 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రంలోని పట్టణాల్లో పాత అద్దె విలువ పద్ధతిని విడిచి, స్థలానికీ కట్టడానికీ కలిపి రిజిస్ట్రేషన్ ధరల ప్రకారం లెక్కగట్టిన మూలధన విలువ మీద ఆస్తి పన్ను వేస్తున్నారు గనుక, ఈ ఎడం ఇప్పుడు నేరుగా డిమాండు నోటీసులోనే కనిపిస్తోంది. నోటీసు చేతికి రాగానే చాలామంది అప్పు కోసం బయలుదేరుతారు. అంతకంటే ముందు చేయవలసిన పని, ఆ నోటీసులోని లెక్క సరైనదో కాదో చూసుకోవడం.

నోటీసు మీద ఉండే అసెస్‌మెంట్ నంబరు, అంటే పన్ను రికార్డులో మీ ఇంటికి ఇచ్చిన నంబరు, తీసుకుని వార్డు సచివాలయానికి వెళ్లి, మీ ఇంటి పేరిట రికార్డులో ఏముందో అడగాలి. నిర్మిత వైశాల్యం ఎంత రాశారు, కట్టడాన్ని స్లాబు అన్నారా, పెంకులన్నారా, రేకులన్నారా, నివాసమని రాశారా వ్యాపారమని రాశారా, పాత బకాయి ఏ సంవత్సరం నుంచి ఉంది అనే నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాయించుకోవాలి. రేకుల ఇల్లు స్లాబు కింద నమోదైనా, మూసేసి మూడేళ్లయిన ముందు గది ఇంకా దుకాణంగానే ఉన్నా పన్ను ఎక్కువ పడుతుంది. ఇల్లు పడగొట్టి తిరిగి కట్టినవారు, అన్నదమ్ములు పంచుకున్నవారు ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంట్లు నడుస్తున్నాయేమో కూడా చూసుకోవాలి. మా బంధువుల ఇంట్లో ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. ఒక నంబరుకు పన్ను కడుతూ ఉంటే రెండో నంబరు మీద బకాయి పేరుకుపోయింది.

వైశాల్యాన్ని మీరే టేపు పెట్టి కొలవండి. నివాసపు ఇంటి నిర్మిత వైశాల్యం 375 చదరపు అడుగులు దాటకపోతే ఏడాదికి 50 రూపాయలు మాత్రమే పన్ను అని కొత్త పద్ధతిలోనే నిర్ణయించారు. గోడల మందంతో కలిపి బయటివైపు 25 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు సరిగ్గా ఈ హద్దు మీద ఉంటుంది. నెల్లూరు వారికి అంకణాల్లో చెబితేనే అందుతుంది: ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు గనుక ఇది అయిదు అంకణాలకు కాస్త ఎక్కువ. అయితే స్థలం అంకణాలను కట్టడం అంకణాలుగా పొరబడవద్దు. పది అంకణాల స్థలంలో అయిదంకణాల ఇల్లు ఉన్నా ఈ వెసులుబాటుకు లెక్కలోకి వచ్చేది కట్టడమే.

తరువాత నిరుటి రశీదును పక్కన పెట్టుకుని చూడాలి. ఇంటికి కొత్తగా ఏమీ కట్టకుండా, వాడుక మార్చకుండా ఉన్నంతవరకు పన్ను ముందటి ఏడాదికంటే 15 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి ఉంది. నిరుడు 1,200 రూపాయలు కట్టినవారికి ఈ ఏడు 1,380కి మించితే కారణం అడగవచ్చు. ఈ పరిమితి ఊరటే గానీ పూర్తి రక్షణ కాదు. ఏటా 15 శాతం చొప్పున పెరుగుతూ పోతే అయిదేళ్లలో పన్ను రెట్టింపవుతుంది. అనుమతి లేకుండా కట్టిన భాగానికి అదనంగా అపరాధ రుసుము కలుపుతారు, అందువల్ల నోటీసులో మొత్తం అనూహ్యంగా కనిపిస్తే ఆ పద్దు ఉందేమో విడిగా చూడాలి.

తప్పు కనబడితే కమిషనరు పేరిట పునఃపరిశీలన దరఖాస్తు రాయాలి. పన్నును కొత్తగా నిర్ణయించినప్పుడు ఇచ్చే ప్రత్యేక నోటీసు మీద రాసి ఉన్న గడువులోగా అది అందాలి. ఇంటి కొలతలు, ఫొటో, పాత రశీదు, కరెంటు బిల్లు నకళ్లు జతచేసి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటితో చెప్పి వచ్చిన అభ్యంతరానికి ఏ రికార్డూ ఉండదు. జవాబు రాకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే దరఖాస్తు నకలుతో అర్జీ ఇవ్వవచ్చు. పరిశీలన సాగుతున్నా వడ్డీ ఆగుతుందని అనుకోకుండా, వివాదం లేని పాత మొత్తాన్ని కట్టి ఉంచడమే నయం.

ఇక అసలు చిక్కు, లెక్క సరైనదే అయినా డబ్బు లేకపోవడం. పన్ను రెండు అర్ధ సంవత్సరాలుగా ఉంటుంది. మొదటి సగానికి జూన్ 30, రెండో సగానికి డిసెంబరు 31 గడువు. గడువు దాటితే నెలకు 2 శాతం సాధారణ వడ్డీ పడుతుంది. మన వాడుకలో చెప్పాలంటే పురపాలక సంఘానిది రెండు రూపాయల వడ్డీ. ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గింపు. ఏడాదికి 1,800 రూపాయల పన్ను ఉన్న ఇంటిని తీసుకుందాం. ఏప్రిల్‌లో కడితే 1,710తో సరిపోతుంది. మార్చి చివరిదాకా ఆగితే మొదటి సగం మీద తొమ్మిది నెలలకు 162, రెండో సగం మీద మూడు నెలలకు 54 కలిసి 2,016 అవుతుంది. 306 రూపాయల తేడా కూలి ఇంటికి చిన్నది కాదు.

అలాగని ఏప్రిల్‌లో కట్టడం కోసం అయిదు రూపాయల వడ్డీకో, రోజువారీ ఫైనాన్సుకో చేయి చాచడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. రెండు రూపాయల బాకీని తీర్చడానికి అయిదు రూపాయల బాకీ నెత్తికెత్తుకున్నట్టవుతుంది. డ్వాక్రా సంఘంలో రూపాయి వడ్డీకి అంతర్గత అప్పు దొరికితే మాత్రం తీసుకుని కట్టేయవచ్చు. ఏదీ దొరకకపోతే మొదటి సగమైనా జూన్ లోపు కట్టి, మిగతాదానికి కొంత ఆలస్యాన్ని భరించడం మేలు. ఏళ్ల బకాయి ఉన్నవారు వాయిదాలు కోరుతూ కమిషనరుకు రాతపూర్వకంగా విన్నవించుకోవాలి. ప్రభుత్వం అప్పుడప్పుడు ఆర్థిక సంవత్సరం చివర వడ్డీలో రాయితీ ప్రకటిస్తుంది గనుక, మార్చి నెలలో సచివాలయంలో ఒకసారి వాకబు చేయాలి. కానీ ఆ రాయితీ వస్తుందనే ఆశతో ఏటా ఎగవేయడం జూదమే. బకాయి ముదిరితే ఇంట్లోని సామాను జప్తు చేసే అధికారం పురపాలక సంఘానికి ఉంది.

మన ప్రాంతపు పనుల తీరు చూసినా ఏప్రిలే అనుకూలం. నెల్లూరు డెల్టాలో ప్రధానమైన వరి కోతలు మార్చి, ఏప్రిల్ నెలల్లో సాగుతాయి. ఒంగోలు వైపు పొగాకు పనులూ దాదాపు అప్పుడే ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే అక్టోబరు, నవంబరు నెలల్లో కట్టడం పనులు ఆగిపోతాయి, సరిగ్గా ఆ తరువాత డిసెంబరు గడువు వచ్చి మీద పడుతుంది. కూలి దొరికే నెలల్లో రోజుకు అయిదు రూపాయలు పక్కన వేసినా ఏడాదిలో వెయ్యి దాటుతుంది. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత నెల్లూరు జిల్లా మహిళలు రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపు లక్ష్మి సంఘాలను నిలబెట్టారు. ఇంటి పన్నుకు విడిగా ఒక పద్దు పెట్టుకోవడం వారికి కొత్త పాఠమేమీ కాదు.

పన్ను సచివాలయంలోనూ, పురపాలక శాఖ వెబ్‌సైటులోనూ, మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009 ద్వారానూ కట్టవచ్చు. ఇంటికి వచ్చిన మనిషి చేతికి నగదు ఇస్తే అసెస్‌మెంట్ నంబరున్న రశీదు అప్పటికప్పుడు అడిగి తీసుకోవాలి. చెత్త పన్ను 2024 చివరికే రద్దయింది గనుక కొత్తగా ఆ పేరుతో అడిగితే ఇవ్వనవసరం లేదు.

పంచాయతీల్లో ఇంటి పన్ను వేరు చట్టం కింద వస్తుంది, అక్కడ అడగవలసింది పంచాయతీ కార్యదర్శిని. బాడుగ ఇళ్లలో ఉండేవారికి నోటీసు రాదు. యజమాని పన్ను పేరు చెప్పి బాడుగ పెంచితే నిరుటి, ఈ ఏటి రశీదులు చూపమని అడగడంలో తప్పులేదు.

ఇల్లు ఇంకా చనిపోయిన తండ్రి పేరిటే ఉన్నవారు పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి, లేకుంటే నోటీసు ఎవరికి వచ్చిందో తెలియకుండానే వడ్డీ నడుస్తుంది. పన్ను రశీదు ఇంటికి హక్కు పత్రం కాదు, అయినా ఎన్నాళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నారో చెప్పే కాగితం గనుక, పాతవన్నీ ఒక కవరులో వేసి రేషన్ కార్డు ఉన్న చోటే దాచండి.