విక్టోరియా అడవుల్లో మౌంటెన్ బైక్ ఓరియెంటీరింగ్: తొలిసారి వెళ్లేవారికి జాగ్రత్తలు

ఆస్ట్రేలియాలో సెప్టెంబరుతో వసంతం మొదలవుతుంది. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా ఈ కాలంలో బల్లారట్, బెండిగో వైపు అడవుల్లో మౌంటెన్ బైక్ ఓరియెంటీరింగ్ మొదలుపెట్టాలనుకుంటే, సైకిలు కంటే ముందు పటం గురించి తెలుసుకోవాలి. 2004లో ప్రపంచ పోటీలు జరిగింది ఈ బల్లారట్‌లోనే.

పటంలో ఊదా రంగు వలయాలతో గుర్తించిన చోట్లకు వరుస తప్పకుండా వెళ్లి, ప్రతిచోటా వచ్చినట్లు నమోదు చేసే చిప్‌ను అక్కడి పరికరానికి తాకించి, వీలైనంత త్వరగా తిరిగి రావడమే ఆట. ఈ పటంలో దారులను వెడల్పును బట్టే కాక, ఎంత వేగంగా తొక్కవచ్చో దాన్ని బట్టి కూడా గీస్తారు. గీత తెగకుండా ఉంటే వేగంగా వెళ్లవచ్చు, ముక్కలు పొట్టివయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది, చుక్కలే ఉంటే చాలాచోట్ల దిగి సైకిలును తోసుకుంటూ నడవాల్సిందే. కొత్తవారు దగ్గరదారి కదా అని చుక్కల దారి పడతారు. చుట్టయినా మంచి దారే నయం.

నాకు మొదటి దెబ్బ తగిలింది నిట్టవాలులో కాదు, చదునైన దారిలో హ్యాండిల్ మీది పటం చూస్తూ తొక్కుతుండగా ముందు చక్రం తెల్ల గులకరాళ్లలో జారినప్పుడు. అందువల్ల కూడలి దగ్గర దారి పక్కకు తప్పుకుని ఆగి, పటాన్ని ఉత్తర దిక్కుకు సరిచేసుకుని, తర్వాతి రెండు మలుపులు మనసులో పెట్టుకున్నాకే కదలాలి. ఇరుకు దారుల్లో ఎదురుగా కూడా పోటీదారులు వస్తుంటారు కాబట్టి ఎడమవైపే ఉండాలి.

నిర్వాహకులు అనుమతిస్తే తప్ప దారి విడిచి తొక్కకూడదు. ఇక్కడ అది ఆట నియమం మాత్రమే కాదు: 1851లో బంగారం దొరికిన తరువాత తవ్విన గోతులు, గని బావులు నేటికీ పొదల మాటున నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

గూళ్లు కట్టే కాలంలో మ్యాగ్‌పై పక్షులు సైకిలు మీద వెళ్లేవారి తల మీదికి దూసుకొస్తాయి. వాటితో పోట్లాడకుండా దిగి, హెల్మెట్ తీయకుండా నడిచి దాటడం మేలు. ఎండకాసే రోజుల్లో పాములు దారి మీదికి వస్తాయి. కాటు పడితే కడగకూడదు, కోయకూడదు, మన పల్లెల్లో కట్టినట్లు పైన తాడు బిగించకూడదు; వెడల్పాటి సాగే బ్యాండేజీని కాటు మీదుగా చేయి లేదా కాలు అంతటా గట్టిగా చుట్టి, కదలకుండా ఉంచి, ఆస్ట్రేలియా అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయాలి. ఆ బ్యాండేజీ, నీళ్లు, స్పేర్ ట్యూబు, పంపు, ఈల మీ సంచిలో ఉండాలి, ఎందుకంటే కొన్ని లోయల్లో ఫోన్‌కు సిగ్నల్ అందదు.

మధ్యలో మానేసినా సరే, ముగింపు దగ్గరికి వచ్చి నిర్వాహకులకు చెప్పాలి. చెప్పకుండా కారెక్కి ఇంటికి వెళ్లిపోతే, చీకటి పడ్డాక కూడా వాళ్లు టార్చిలైట్లతో మీ కోసం ఆ గని బావుల మధ్యే వెతుకుతూ ఉంటారు.