కౌంటీ బడ్జెట్ చదవడం – 4వ పాఠం: కాలేజీ పద్దు

పోయిన పాఠం ఆస్తిపన్ను దగ్గర ఆపాం. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో మాంట్‌గొమరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది. అక్కడ ఆ పన్ను రేటును నిరుటికంటే పెంచాలంటే కౌన్సిల్ (కౌంటీకి ఎన్నికైన సభ) సభ్యులంతా ఒక్కమాట మీద ఉండాలి. 2020లో ఓటర్లు వేసిన ముడి అది. దాన్ని గుర్తుపెట్టుకుని ఇవాళ మాంట్‌గొమరీ కాలేజీ పద్దు తీద్దాం.

డిగ్రీ కాలేజీ డబ్బుల కోసం జిల్లా పరిషత్తు వైపు చూసే అలవాటు మనకు లేదు. మాంట్‌గొమరీ కాలేజీ కమ్యూనిటీ కాలేజీ, అంటే స్థానికులకోసం నడిచే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ. దాని డబ్బులో పెద్ద వాటా కౌంటీదే. రాష్ట్ర సాయం, విద్యార్థుల ఫీజులు ఆ తర్వాత. తమాషా ఏమిటంటే కాలేజీ ట్రస్టీలను (పాలకమండలి సభ్యులను) నియమించేది మాత్రం రాష్ట్ర పాలన నడిపే గవర్నరు.

ముందు తేదీలు. 2026 ఆర్థిక సంవత్సరం అంటే 2025 జులై 1 నుంచి 2026 జూన్ 30 దాకా. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. కౌంటీ ఎగ్జిక్యూటివ్ (కౌంటీ పాలన నడిపే ఎన్నికైన నాయకుడు) మార్చి 15లోగా ప్రతిపాదన పంపాలి, కౌన్సిల్ జూన్ 1లోగా ఆమోదించాలి. అడగాల్సిందేదైనా ఉంటే ఏప్రిల్‌లో జనం మాట వినేందుకు కౌన్సిల్ పెట్టే సభల్లోనే అడగాలి.

ఇక రాష్ట్ర సాయం. దీన్ని కేడ్ సూత్రం అంటారు. ఎంపిక చేసిన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఒక్కో విద్యార్థికి రాష్ట్రం ఎంత ఇస్తుందో చూసి, అందులో చట్టం చెప్పిన శాతం లెక్కన కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ కలిపి ఒక మూట కడతారు. తర్వాత పంచుతారు. కిటుకంతా 'విద్యార్థి' అన్న మాటలో ఉంది. 30 క్రెడిట్లు (కోర్సుల బరువును కొలిచే పాయింట్లు) కలిస్తేనే ఒక పూర్తి విద్యార్థి. ఉద్యోగం చేసుకుంటూ ఒక సెమిస్టర్‌లో 6, ఇంకోదాంట్లో 9 క్రెడిట్లు చదివే అమ్మాయి లెక్కలో అరమనిషే! పైగా వాడేది రెండేళ్ల కిందటి సంఖ్య. ఇవాళ తరగతులు నిండిపోయినా ఆ డబ్బు ఇప్పుడే రాదు.

కౌంటీకి ఇంకో కట్టుబాటు: నిరుడు ఇచ్చినదానికంటే తగ్గిస్తే రాష్ట్రసాయంలో పెరిగే భాగం చేజారుతుంది. అందుకే కౌన్సిల్ ఈ కేటాయింపును ఒక మెట్టు పెంచేముందు పదిసార్లు ఆలోచిస్తుంది. నన్నడిగితే, పద్దులో మొదట చూడాల్సిన అంకె ఈ నిరుటి కేటాయింపే.

ఇప్పుడు చేత్తో చేసి చూద్దాం. అంకెలు ఊహించినవి, అన్నీ కోట్ల డాలర్లలో. నిరుడు ఖర్చు 30: కౌంటీ 15, రాష్ట్రం 6, ఫీజులు 7, కాలేజీ సొంత నిల్వ నుంచి 2. ఈ ఏడు ఖర్చు 31. కౌంటీ 15.5 ఇచ్చింది, రాష్ట్రం కదల్లేదు, చేరికలు తగ్గి ఫీజులు 6.8కి పడిపోయాయి. మూడూ కలిపితే 28.3. మిగిలిన 2.7 నిల్వలోంచి తీయాలి.

'కౌంటీ 50 లక్షలు పెంచింది' అని ప్రకటన వస్తుంది. అబద్ధం కాదు. కానీ నిల్వ మీద బరువు 70 లక్షలు పెరిగింది. ఆ వరుస ఎప్పుడూ పేజీ అడుగున ఉంటుంది. నేను పేజీని కిందినుంచి పైకి చదువుతాను.

అభ్యాసం: పై లెక్కలో నిల్వ మొత్తం 5 కోట్లే అనుకోండి. ఈ ఏడు 2.7 తీశాక వచ్చే ఏడు ఖర్చు 32 అయి, మిగతా మూడు ఆదాయాలూ కదలకపోతే ఎంత తక్కువ పడుతుంది? జవాబు వచ్చే పాఠంలో, భవనాల పద్దుతో పాటు.